అన్నా అని పిలిచే లీడ్‌కి ‘ఈ వారం కుదరదు’ అని ఎలా చెప్పాలి?

క్లెయిమ్స్ బ్యాచ్ (హైదరాబాద్):

అందరికీ నమస్తే. ఒక సర్వీసెస్ కంపెనీలో జావా బ్యాకెండ్ చేస్తున్నాను, నాలుగేళ్ళు దాటింది. క్లయింట్ అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. మా టీమ్ చూసేది క్లెయిమ్స్: కొన్ని స్ప్రింగ్ బూట్ సర్వీసులు, రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్‌లు. బ్యాచ్ మొదట్లో రాసినవాళ్ళు ఒక్కొక్కరుగా కంపెనీ మారిపోయారు. ఇప్పుడు అందులో ఏం తేడా వచ్చినా నా దగ్గరికే వస్తుంది.

మా లీడ్ మంచి మనిషి. నా ఇబ్బందంతా అక్కడే. ఆయనది తెనాలి, మాది రేపల్లె. నేను చేరిన కొత్తలో పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని క్వెరీ ప్లాన్ ఎలా చదవాలో నేర్పించారు. మా నాన్నకి స్టెంట్ వేసినప్పుడు నా టికెట్లు రాత్రిళ్ళు తనే పూర్తి చేసి, ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. నేను అన్నా అంటాను, ఆయన చెల్లీ అంటారు. అలాంటి మనిషి వచ్చి ‘ఇదొక్కటి చూడు తల్లీ’ అంటే కాదనడానికి నోరు రాదు.

స్ప్రింట్ పని, అంటే ఈ విడతకి ఒప్పుకున్న పని, ఎలాగూ ఉంటుంది. దానికి తోడు రిలీజ్ రాత్రిళ్ళు నేనే ఉండాలి. శనివారాలు ఇంటర్వ్యూ ప్యానెల్. వేరే అకౌంట్ వాళ్ళ ప్రపోజల్‌కి డెమో. పని ఎక్కువైందని ఒకసారి అంటే ఇద్దరు ట్రైనీలను ఇచ్చారు. బంగారంలాంటి పిల్లలు, కానీ పొద్దున పూటంతా వాళ్ళకి కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, పని నేర్పడం) ఇవ్వడంతోనే సరిపోతోంది. నా కోడ్ నేను ముట్టుకునేసరికి సాయంత్రం ఐదవుతోంది, ఏడున్నర నుంచి మళ్ళీ కాల్స్.

ఇప్పుడు అసలు సంగతి. గురువారం సాయంత్రం లీడ్ వచ్చి, ‘నెలవారీ ఫైల్‌లో రీజన్ కోడ్ అని ఒక్క కాలమ్ కావాలంట. సోమవారానికి పెట్టేద్దామా?’ అన్నారు. ఆలోచించి చెప్తానన్నాను. రాత్రి కాల్ అయ్యాక వచ్చిన మీటింగ్ నోట్స్‌లో మాత్రం సోమవారం అనే పడింది.

ఒక్క కాలమే. కానీ ఆ ఫైల్ ఫిక్స్‌డ్ విడ్త్. ఒక్కో లైను సరిగ్గా 400 క్యారెక్టర్లు. లైను చివర ఖాళీగా వదిలిన ఫిల్లర్ రెండు క్యారెక్టర్లే మిగిలింది, ఈ కోడ్‌కి నాలుగు కావాలి. అంటే లైను పొడవే మారుతుంది. ఆ ఫైల్‌ని చదివేది క్లయింట్ వైపు మెయిన్‌ఫ్రేమ్ టీమ్. వాళ్ళు కోబాల్ కాపీబుక్ (లైనులో ఏది ఎక్కడ ఉంటుందో చెప్పే నిర్వచనం) మార్చుకోవాలి, వాళ్ళ రిలీజ్ నెలకొక్కసారే. పైగా పాత క్లెయిమ్‌లకి డేటాబేస్‌లో రీజన్ కోడే లేదు. అక్కడ స్పేసులు పెట్టాలా, సున్నాలు పెట్టాలా? ఎవరూ చెప్పలేదు. తప్పు పెడితే ఆ రాత్రి లోడ్ మొత్తం ఆగిపోతుంది, ఫోన్ నాకే వస్తుంది.

‘ధైర్యంగా ఉండండి, నో చెప్పడం నేర్చుకోండి’ అనే సలహా ఇప్పటికే చాలా విన్నాను. నాకు కావలసింది మీరు నిజంగా వాడిన మాటలు. ఎప్పుడు చెప్పారు, ఎవరి ముందు చెప్పారు, తర్వాత ఆ మనిషితో మీ సంబంధం ఎలా ఉంది? అప్రైజల్ మాట కూడా ఎవరైనా నిజం చెప్పండి.

—

పాత డెలివరీ మేనేజర్ (బెంగళూరు):

అమ్మా, ముందు ఒక ప్రశ్న. మీ ప్రాజెక్ట్ ఫిక్స్‌డ్ బిడ్డా, టీ అండ్ ఎమ్మా (టైమ్ అండ్ మెటీరియల్)? చాలామంది డెవలపర్లకి ఇది తెలియదు, ఎవరూ చెప్పరు. కానీ మీరు ‘కుదరదు’ అనే తీరంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఫిక్స్‌డ్ బిడ్ అయితే ఏమేం చేస్తామో, ఎంత డబ్బుకి చేస్తామో ముందే సంతకాలయ్యాయి. అందులో లేని కాలమ్ అడిగితే అది చేంజ్ రిక్వెస్ట్, సీఆర్ అంటాం. మీ కంపెనీ దానికి విడిగా అంచనా ఇచ్చి, క్లయింట్ ఒప్పుకున్నాక చెయ్యాలి. మీరు శని, ఆదివారాలు కూర్చుని చేసిపెడితే ఆ డబ్బు మీ కంపెనీకి రాదు, మీకూ రాదు. టీ అండ్ ఎమ్ అయితే గంటకింత అని బిల్లు వెళ్తుంది. అప్పుడు టైమ్‌షీట్‌లో పడని మీ రాత్రులు కంపెనీ పోగొట్టుకున్న ఆదాయం. రెండిట్లో ఏదైనా, ‘అన్నా, దీనికి సీఆర్ ఉందా?’ అన్న ప్రశ్న మీ పైవాళ్ళందరికీ నచ్చే ప్రశ్న. ఈ ఒక్క మాట అడగడానికి ధైర్యం అక్కర్లేదు. ఏ డెలివరీ రివ్యూలోనైనా మేనేజర్‌ని నిలదీసేది ఆ మాట మీదే.

రెండోది. ఫిల్లర్ రెండు క్యారెక్టర్లే మిగిలింది, కోడ్‌కి నాలుగు కావాలి అని రాశారు చూడండి, మీరు చెప్పాల్సిన ‘కుదరదు’ అదే. ఇందులో మీ ఓపిక, మీ ఆరోగ్యం, మీ శనివారం ఏవీ లేవు. ఎవరు చదివినా కాదనలేని సంగతి ఉంది. దాన్ని ఐదారు లైన్లలో మెయిల్‌గా పెట్టండి: లైను పొడవు మారుతుంది, కాపీబుక్ మారాలి, మెయిన్‌ఫ్రేమ్ వాళ్ళ రిలీజ్ ఫలానా తేదీ, పాత క్లెయిమ్‌లకి ఏం పెట్టాలో క్లయింట్ చెప్పాలి, ఇవన్నీ తేలితే మా వైపు పని ఇన్ని రోజులు. కింద ఒక తేదీ రాయండి. తేదీ లేకుండా కాదంటే అది మొరాయింపులా వినపడుతుంది. తేదీ ఉంటే దాన్ని మీ లీడ్ పైకి పంపగలడు.

ఇక మీరు అడిగిన అసలు విషయం, అన్నా అనే పిలుపు. అది మానకండి. గారు, సర్ అని మొదలుపెడితే ఆయన మనసు నొచ్చుకుంటుంది, పని మాత్రం తగ్గదు. చెయ్యాల్సింది ఒకటే: క్లయింట్ కాల్‌లో మొదటిసారి ఆ మాట అనొద్దు. కాల్‌కి ముందు, పదినిమిషాలు, ఆయనొక్కడే ఉన్నప్పుడు చెప్పండి. మనవాళ్ళలో నలుగురి ముందు కాదనిపించుకున్న మనిషి, విషయం ఎంత న్యాయమైనా, ముందు తన మాట నిలబెట్టుకోవడానికే చూస్తాడు. విడిగా చెప్తే అదే మనిషి మీ తరఫున వాదిస్తాడు. నేను ఇది లెక్కలేనన్ని సార్లు చూశాను, రెండు వైపుల నుంచీ.

నేను మేనేజర్‌గా ఉన్నప్పుడు నాకు నిద్ర పట్టనిచ్చింది అన్నిటికీ సరే అనేవాళ్ళు కాదు. వాళ్ళ ‘సరే’లో ఏది నిజంగా అవుతుందో, ఏది ఆదివారం రాత్రి ఆగిపోతుందో నాకు తెలిసేది కాదు. ‘ఇది బుధవారం దాకా అవదు’ అని చెప్పిన అమ్మాయి ఒకరు ఉండేవారు. ఆ అమ్మాయి బుధవారం అంటే బుధవారమే. ముఖ్యమైన రిలీజ్ వస్తే నేను ఆవిడ పేరే రాసుకునేవాణ్ణి, అప్రైజల్ మీటింగ్‌లో ఆవిడ కోసమే గట్టిగా మాట్లాడేవాణ్ణి. ప్రతి మేనేజరూ ఇలాగే ఉంటాడని నేను చెప్పలేను. కానీ తేదీలు నిలబెట్టే మనిషిని వదులుకోవడానికి ఏ మేనేజరూ ఇష్టపడడు.

ట్రైనీల సంగతి. ఐబీఎంలో ఓఎస్/360 ప్రాజెక్ట్ నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన ప్రాజెక్ట్‌లోకి మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని. నేర్పేది ఆ పని చేస్తున్నవాళ్ళే కాబట్టి. దానికి తోడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు పెరుగుతాయి: ఐదుగురుంటే 10, పదిమందైతే 45. కాబట్టి ఈసారి మనుషుల్ని ఇస్తామంటే, ‘వాళ్ళకి నేర్పే గంటలు ఏ టికెట్ నుంచి తీద్దాం అన్నా?’ అని అడగండి. పిల్లల్ని వద్దనకండి, వాళ్ళ తప్పేం లేదు. నేర్పడం కూడా ఒక పనే, బోర్డు మీద దానికీ ఒక టికెట్ ఉండాలి.

—

డాలస్ ఆన్‌సైట్:

నేను మీలాంటివాళ్ళ కాల్‌కి అవతలి కొసలో, క్లయింట్ దగ్గర ఉండే మనిషిని. మీటింగ్ నోట్స్‌లో సోమవారం అని ఎలా పడుతుందో చెప్తాను, తెలిస్తే మీకు ఉపయోగం.

ఇక్కడ క్లయింట్ ఎదురుగా కూర్చునేది మాలో ఒకరో ఇద్దరో. చాలామందిమి హెచ్‌1బీ మీద ఉంటాం. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు, ఆలోగా ఇంకో స్పాన్సర్ దొరకాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా ఇల్లు సర్దుకోవాలి. పిల్లలు బళ్ళో ఉంటారు, కారు లోను ఉంటుంది. ఆ గదిలో క్లయింట్ ‘సోమవారానికి అవుతుందా?’ అంటే, ఆ 60 రోజులు గుర్తుకొచ్చి నోట్లోంచి ముందు సరే వస్తుంది. హైదరాబాద్‌లో ఎవరి శనివారం పోతుందో ఆ క్షణానికి కనపడదు. ఇది సమర్థించడానికి చెప్పట్లేదు, ‘సరే’ ఎక్కడ పుడుతుందో మీకు తెలియాలని చెప్తున్నాను.

నేను పాటించే పద్ధతి: కాల్‌లో ఎవరు తేదీ అడిగినా, ‘పని చేసేవాళ్ళు అంచనా ఇస్తారు, రేపు పొద్దున మీ టేబుల్ మీద ఉంటుంది’ అంటాను. మా క్లయింట్ వైపు ప్రాడక్ట్ ఓనర్ ఒకసారి గట్టిగా పట్టుబట్టింది. అప్పుడు స్క్రమ్ గైడ్‌లో (స్ప్రింట్లుగా పనిచేసే స్క్రమ్ పద్ధతికి మూల పత్రం) ఉన్నదే చూపించాను. పని ఎంతో అంచనా వేసే బాధ్యత ఆ పని చేసే డెవలపర్లదే అని అందులో స్పష్టంగా ఉంది. 2011లో ఆ గైడ్‌ని సవరించినప్పుడు, స్ప్రింట్‌లో తీసుకున్న పనిని ‘కమిట్‌మెంట్’ అనడం మానేసి ‘ఫోర్‌కాస్ట్’ అన్నారు. ఆవిడ చదివి, సరే రేపటిదాకా ఆగుతానంది. ఆ తర్వాత నన్ను కాల్‌లో తేదీ అడగలేదు. ఇక్కడివాళ్ళు ‘ఇప్పుడు చెప్పలేను, రేపు చెప్తాను’ అంటే నొచ్చుకోరు. రేపు నిజంగా చెప్పాలి, అంతే.

మీకు నా సూచన: మీ మెయిల్ మాకు తెల్లారేసరికి ఉండాలి. ఎండాకాలంలో డాలస్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. మీరు సాయంత్రం ఆరింటికి పంపితే ఆన్‌సైట్ మనిషి క్లయింట్ మీటింగ్‌కి వెళ్ళేముందు చూస్తాడు. రాత్రి పదిన్నరకి పంపితే అప్పటికే తేదీ ఇచ్చేసి ఉంటాడు. ఇచ్చిన తేదీని వెనక్కి తీసుకోవడం కంటే ఇవ్వకుండా ఆపడం చాలా తేలిక. మీ లీడ్‌ని దాటి పంపకండి, ఆయన్ని పెట్టి పంపండి.

—

మొదటి ఉద్యోగం:

పైవన్నీ శ్రద్ధగా చదివాను. కానీ ఒక మాట అడగాలి. నాది 2023 బ్యాచ్. ఆఫర్ లెటర్ వచ్చాక కూడా జాయినింగ్ కోసం నెలల తరబడి ఎదురుచూశాం, మాలో కొంతమందికి చివరికి రానే లేదు. నేను ఇప్పుడు వెండర్ ద్వారా కాంట్రాక్ట్ మీద చేస్తున్నాను. అమీర్‌పేట హాస్టల్‌లో నా గదిలో ముగ్గురం, ఇద్దరికి ఇంకా ఉద్యోగం లేదు. నేను కాదంటే రేపు నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. సీఆర్ ఉందా అని అడిగే స్థాయి నాకెక్కడిది? నాలాంటి వాళ్ళు సరే అంటూ పని నేర్చుకోవడమే మంచిది కాదా?

—

పాత డెలివరీ మేనేజర్ (బెంగళూరు):

బాబూ, మీరు అడిగింది న్యాయంగా ఉంది. కొత్తలో ఎక్కువ పని తీసుకోవడం తప్పు కాదు, నేర్చుకునేది అప్పుడే. మీరు కాదనక్కర్లేదు, వరస అడగండి చాలు. ‘ఈ బగ్, ఈ స్క్రీన్, రెండూ నా దగ్గరున్నాయి. ముందు ఏది చెయ్యమంటారు?’ అని చాట్‌లో రాయండి, నోటితో కాదు. రెండోది ఆగిందని తర్వాత ఎవరైనా అంటే, వరస చెప్పింది ఎవరో అక్కడే ఉంటుంది.

అయితే ఎంత జూనియర్ అయినా, ఉద్యోగం మీద ఎంత భయం ఉన్నా, కాదనే తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. అప్రూవల్ టికెట్ లేకుండా ప్రొడక్షన్ డేటాబేస్‌లో అప్‌డేట్ కొట్టమంటే వద్దనండి. నడపని టెస్ట్‌ని పాస్ అని పెట్టమంటే వద్దనండి. మీ లాగిన్ ఇంకొకరికి ఇమ్మంటే ఇవ్వొద్దు. ముఖ్యంగా ఇది: వేరేవాళ్ళ బదులు ఇంటర్వ్యూలో ప్రాక్సీగా కూర్చోమనో, లేని మూడేళ్ళ అనుభవం రెజ్యూమేలో పెట్టుకోమనో వెండర్లు అడుగుతారు. అమీర్‌పేటలో ఉంటే మీకు ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. అందరూ చేస్తున్నారు కదా అంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే అడిగిన వెండర్ ఫోన్ ఎత్తడు, పోయేది మీ ఉద్యోగం. పీఎఫ్ ఖాతాలో ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశారో నెలలతో సహా ఉంటుంది, వెరిఫికేషన్ వాళ్ళు ముందు చూసేది అదే. ఇంటిదగ్గర అప్పుచేసి చదివించినవాళ్ళ పిల్లలు ఇలా ఇరుక్కోవడం చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ఈ ఒక్క విషయంలో వరసలు అడగడాలు లేవు, కుదరదంటే కుదరదు.

—

పేజర్ అక్క (హైదరాబాద్, ప్రాడక్ట్ కంపెనీ, ఎస్‌ఆర్‌ఈ):

మాది కొంచెం వేరే లోకం, కానీ క్లెయిమ్స్ బ్యాచ్‌కి పనికొచ్చేది ఒకటుంది.

మేం ‘నో’ని మనిషి నోట్లో పెట్టలేదు, రూల్‌లో పెట్టాం. గూగుల్ తన ఎస్‌ఆర్‌ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్, సర్వీసులు ఆగకుండా చూసే పని) పద్ధతులు 2016లో పుస్తకంగా వేసింది. అందులో టికెట్లు, ఆన్‌కాల్ (ఫోన్ వస్తే ఎత్తడానికి సిద్ధంగా ఉండడం) లాంటి ఆపరేషన్స్ పని ఒక మనిషి సమయంలో 50 శాతం దాటకూడదు. 12 గంటల ఆన్‌కాల్ షిఫ్ట్‌లో రెండు ఇన్సిడెంట్ల కంటే ఎక్కువ రాకూడదు. ఎందుకంటే ఒక్కో ఇన్సిడెంట్‌కి కారణం వెతకడం, సరిచెయ్యడం, రిపోర్ట్ రాయడం అన్నీ కలిపి ఆరు గంటలు పడుతుందని వాళ్ళ లెక్క. ఇంకోటి ఎర్రర్ బడ్జెట్. సర్వీస్ 99.9 శాతం నడవాలని ఒప్పుకుంటే, 30 రోజుల్లో సుమారు 43 నిమిషాలు ఆగొచ్చు. ఆ నిమిషాలు అయిపోతే కొత్త ఫీచర్ రిలీజ్ ఆగుతుంది, సరిచేసే పనే నడుస్తుంది. ఎవరు అడిగినా సమాధానం ఒకటే.

మా టీమ్‌లో ఇది రాకముందు, రాత్రి రెండింటికి ఫోన్ వస్తే ఎత్తేవాళ్ళే ఎత్తేవాళ్ళు. మొహమాటం ఉన్నవాళ్ళకే పని పెరిగేది. రొటేషన్, అంటే ఫోన్ ఎత్తే వంతులు, రాసి పెట్టాక, ఈ వారం ఎవరిదో క్యాలెండర్ చూస్తే తెలుస్తుంది. మా పాప పుట్టాక తిరిగి చేరినప్పుడు నేను ఎవరినీ బతిమాలలేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. మొదటి కొన్ని వారాలు నా పేరు లేకుండా షెడ్యూల్ వేశారు, అంతే.

బ్యాచ్ ఫోన్ మీకే వస్తుందని రాశారు. అది మీ మంచితనం వల్ల వచ్చే ఫోన్ కాదు, రొటేషన్ లేకపోవడం వల్ల వచ్చే ఫోన్. మీ లీడ్‌ని రొటేషన్ అడగండి. అది ఆయనకి కాదని చెప్పడం కాదు, టీమ్‌కి ఒక పద్ధతి అడగడం.

—

హెచ్‌ఆర్ వైపు నుంచి:

శనివారాల గురించి చిన్న మాట. మన దగ్గర వర్తించేది 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం. ఐటీ, ఐటీఈఎస్ కంపెనీలకు తెలంగాణ ప్రభుత్వం అందులోని పనివేళల సెక్షన్ల నుంచి మినహాయింపు ఇస్తూ వస్తోంది, కానీ ఊరికే కాదు, షరతులతో. వారానికి 48 గంటలు, అది దాటితే ఓవర్‌టైమ్, వారంలో ఒక సెలవు అందులో ఉన్నాయి. రేపే వెళ్ళి ఎవరి మీదో కంప్లైంట్ పెట్టమని కాదు నేను చెప్పేది. శనివారం ప్యానెల్‌కి వెళ్తే, వెళ్ళేముందే కాంప్ ఆఫ్ (దాని బదులు సెలవు) మెయిల్‌లో అడగండి. ఏ తేదీన తీసుకుంటారో కూడా అందులోనే రాయండి. తర్వాత అడిగితే ‘చూద్దాం’ అనే సమాధానమే వస్తుంది. ఇంటర్వ్యూ డ్రైవ్ నడిపేవాళ్ళకి ప్యానెల్ మనుషులు కావాలి, కాబట్టి ముందు అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు.

—

క్లెయిమ్స్ బ్యాచ్ (హైదరాబాద్):

అందరికీ చాలా థ్యాంక్స్. ఏం జరిగిందో చెప్తాను.

మాది ఫిక్స్‌డ్ బిడ్డే. శుక్రవారం మధ్యాహ్నం అన్న టీకి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. ఫైల్ లేఅవుట్ ప్రింట్ తీసి పట్టుకెళ్ళాను, చివరి ఫిల్లర్ దగ్గర పెన్నుతో గీసి. ‘అన్నా, ఇది సోమవారానికి అవదు. నేను రాత్రంతా కూర్చున్నా అవదు, లైను పొడవు మారుతోంది. మెయిన్‌ఫ్రేమ్ వాళ్ళని అడగకుండా మారిస్తే నెలాఖరు లోడ్ ఆగిపోతుంది. దీనికి సీఆర్ ఉందా?’ అన్నాను. అన్న ఏమీ అనలేదు. ఆ కాగితం వైపు చాలాసేపు చూశారు. టీ సగం తాగి పక్కన పెట్టేసి, ‘మెయిల్ పెట్టు, నన్ను కాపీలో పెట్టు’ అన్నారు. సాయంత్రం ఆరింటిలోపే పెట్టాను.

డాలస్ గారు చెప్పినట్టు అది క్లయింట్ మీటింగ్‌కి ముందే చేరింది. మెయిన్‌ఫ్రేమ్ టీమ్ నుంచి వెంటనే జవాబు వచ్చింది, ఈ క్వార్టర్‌లో ఆ ఫైల్‌ని ఎవరూ ముట్టుకోవద్దని. అప్పుడు గాని తెలియలేదు, అడిగింది వాళ్ళ ఫైనాన్స్‌లో ఒకావిడ. ఆవిడకి కావలసింది తిరస్కరించిన క్లెయిమ్‌ల లిస్టు, కారణంతో సహా, నెలకొకసారి. ఫైల్‌తో ఆవిడకి సంబంధమే లేదు. విడిగా ఒక సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు ఫైల్) ఇస్తే చాలంది. దానికి చిన్న సీఆర్ వేశారు, వచ్చే స్ప్రింట్‌లో ఉంది. క్వెరీ ట్రైనీల్లో ఒకరు రాస్తున్నారు.

రొటేషన్ అడిగాను, ‘ఆలోచిద్దాం’ అన్నారు. శనివారానికి కాంప్ ఆఫ్ మాత్రం ముందే మెయిల్‌లో అడిగాను, ఇచ్చారు.

మనసుకి కష్టంగా ఉన్నది ఇంకోటి. ఆ రోజు నుంచి అన్న చాట్‌లో ‘ప్లీజ్ చెక్’, ‘థ్యాంక్స్’ అని రాస్తున్నారు. ముందు అలా రాసేవారు కాదు. కోపం లేదు, కానీ చెల్లీ అనడం లేదు. అడగనా, వదిలెయ్యనా? ఇంకో విషయం, ఇప్పుడు చిన్న పనులు చాట్‌లో కాకుండా ఫోన్ చేసి చెప్తున్నారు. ఫోన్‌లో చెప్పినవి ఎక్కడా ఉండవు కదా, వాటినేం చెయ్యాలి?

—

పాత డెలివరీ మేనేజర్ (బెంగళూరు):

చాలా బాగా చేశారమ్మా. ఆ కాగితం తీసుకెళ్ళడం నాకు తట్టలేదు, మెయిల్ కంటే అది మేలు.

అన్నని ఇప్పుడు అడగొద్దు. ‘నా మీద కోపమా?’ అంటే లేదనే అంటారు, ఆ మాటతో ఇద్దరికీ ఇబ్బంది. ఆయన పైవాళ్ళకి సోమవారం అని చెప్పి ఉంటారు, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ బరువు దిగడానికి కొంచెం టైమ్ పడుతుంది. మీరు మాత్రం ఎప్పటిలా అన్నా అనే పిలవండి. సీఎస్‌వీ డెమో రోజు, ఫైల్ ముట్టుకోకుండా ఆపింది మా లీడ్ అని క్లయింట్ వినేలా చెప్పండి. అది నిజం కూడా, ఆ మెయిల్‌ని ఆయన ఆపలేదు కదా.

ఫోన్ సంగతి తేలిక. ఫోన్ పెట్టెయ్యగానే చాట్‌లో రెండు లైన్లు: ‘అన్నా, ఇప్పుడు చెప్పింది ఫలానాది. ఇది తీసుకుంటే గురువారం అవ్వాల్సిన టికెట్ సోమవారానికి వెళ్తుంది, సరేనా?’ ఆయన సరే అంటే రెండూ రాతలో ఉంటాయి. జవాబు ఇవ్వకపోతే కొత్త పని మొదలుపెట్టకండి, బోర్డు మీద ఉన్నదే చెయ్యండి.

రొటేషన్‌కి ఆలోచిద్దాం అన్నారంటే, ఆ జాబ్‌లు ఇంకెవరికీ తెలియవనే భయం అయ్యుంటుంది. సీఎస్‌వీ క్వెరీ రాస్తున్న ట్రైనీ చేత ఈ నెలాఖరు లోడ్‌కి రన్‌బుక్ రాయించండి: ఏ జాబ్ తర్వాత ఏది, ఆగితే ఏ లాగ్ చూడాలి, మళ్ళీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలి. మీరు పక్కన కూర్చోండి, కీబోర్డ్ మాత్రం ముట్టుకోకండి. అది చేతిలో ఉన్నాక రొటేషన్ మళ్ళీ అడగండి, రెండో పేరుగా ఆ ట్రైనీ పేరు రాసి.